దుంగకు మొదటి వడ్డన

మా కర్లూ ఓడలో సిబ్బంది తొమ్మిది మందిమి. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు మాత్రం పది. పదో కుర్చీ దుంగది.

మడ అడవిలో దొరికిన దుంగ అది. మూర కంటే కొంచెం పొడవు. ఒక కొస సాగి మొసలి మూతిలా ఉంటుంది, నడుమ రెండు బుడిపెలు. సిబ్బందిలో ఎవరైనా ప్రయాణికులకు ఏదో ఒక దుంగను చూపించి "అదిగో మొసలి" అన్నారంటే, ఆ ట్రిప్పు ముగిసేదాకా ఇది వాళ్ళ పక్కన కూర్చుంటుంది. మొదటి వడ్డన దానికి, తరవాతే తమకు. బల్ల దగ్గర ఎవరైనా దుంగను ప్రశ్న అడిగితే దాని తరఫున వాళ్ళే జవాబు చెప్పాలి. ఆ జవాబు దుంగ మాటగానే చెల్లుతుంది. చెప్పకపోతే ఆ పూట గిన్నెలన్నీ వాళ్ళే తోమాలి.

దీనికి పెద్దా చిన్నా లేదు. కెప్టెన్ మోస్ ఒకసారి ఓడనే వెనక్కి తిప్పి మరీ చూపించిన మొసలి, పోటు రాగానే చెట్టు వేళ్ళతో సహా పక్కకు దొర్లింది. ఆ ట్రిప్పు ఏడు రోజులు ఆయన దుంగకు గుడ్లు వడ్డించాడు. నాకూ నాలుగుసార్లు వచ్చింది. నేను ఇంజన్ మనిషిని, నాకు సిగ్గేం లేదు.

ఇరవై ఆరు సీజన్లలో ఒక్కసారి కూడా దుంగ పక్కన కూర్చోనిది నెరిడా కసేరా ఒక్కతే.

మే నుంచి సెప్టెంబరు దాకా మేం బ్రూమ్ రేవు నుంచి విండమ్ రేవు వరకు ఉత్తర తీరం వెంట పోతాం, మళ్ళీ వస్తాం. ప్రయాణికులు ఇరవై నలుగురు. తిమింగలాలంటారు, చిన్న కంగారూల్లాంటి కొండ వాలబీలంటారు, గద్దలంటారు. ఎవరేమన్నా టికెట్టు కొన్నది మొసలి కోసమే. వాగుల్లోకి ఓడ పోలేదు కాబట్టి రెండు రబ్బరు పడవలు దింపుతాం. మొదటి పడవ ముందు పోతుంది. రెండో పడవకు మిగిలేవి తోకలు, నీటి మీద బుడగలు. మొదటి పడవ నెరిడాది. పడవ నడిపేవాళ్ళు నీళ్ళలో పడితే ఇంజన్ ఆగిపోయేలా మణికట్టుకు ఒక తాడు కట్టుకుంటారు. మొదటి పడవ తాడు ఎరుపు, రెండోదానిది తెలుపు. ఆ ఎర్ర తాడు నెరిడా స్నానానికి కూడా విప్పదని మా వంటమనిషి అంటుంది.

ఆమె తాత ఫిలిప్పీన్స్ నుంచి ముత్యపు చిప్పల కోసం మునగడానికి వచ్చి బ్రూమ్‌లోనే ఉండిపోయాడు. తండ్రి ముత్యాల పడవలో ఇంజన్ చూసేవాడు. నెరిడా చదువు పదకొండో ఏట ఆగింది. బడి కిటికీలోంచి రేవు కనబడటమే దానికి కారణమని, తప్పు బడి కట్టినవాళ్ళదని ఆమె వాదన. చిప్పలు కడిగింది, చేపల పడవల్లో వండింది, ఇద్దరిని పెళ్ళాడింది. "మొదటాయనకి సముద్రం పళ్ళేదు, రెండో ఆయనకి నేల పళ్ళేదు. ఇద్దర్నీ వాళ్ళకి పడే చోట దింపేసొచ్చా" అంటుంది.

కర్లూకి ఆమె వచ్చింది కూడా వంటకే. రెండో రోజు పడవ నడిపే మనిషికి జ్వరం వస్తే ఆమె తాడు కట్టుకుని పడవ దించింది. మూడో రోజు నుంచి మేం వంటమనిషి కోసం వెతుక్కున్నాం. కెప్టెన్ తరవాతివాడు, అప్పటి మేటు, ఊరుకోలేక, "వంటావిడ పడవ తోలితే ఇక దుంగలకి పండగే" అన్నాడు. ఆమె తాడున్న చెయ్యి బల్ల మీద ఆనించి, "ఈ దుంగ నా పక్కన కూచున్న రోజు ఈ తాడు విప్పి పక్కనున్నోళ్ళకి ఇచ్చేస్తా. అందరూ వినండి" అంది. అందరం విన్నాం. అది మా ఓడలో రాయని చట్టమైంది.

ఇరవై ఆరో సీజన్లో లాక్లాన్ వచ్చాడు. హోబర్ట్‌లో జంతువుల చదువు చదివినవాడు, ఇరవై ఏడేళ్ళు, చెయ్యంత కెమెరా. మంచివాడే, కానీ నోరు మూసుకుంటే ఊపిరాడదు. తెల్ల తాడు కట్టుకుని రెండు నెలలు తోకలు చూశాక ఒక మధ్యాహ్నం ఇంజన్ గదిలోకి దిగి వచ్చాడు.

"డెజ్, నువ్వు చేతుల్తో ఏదైనా చేస్తావటగా?"

"నోటితో తప్ప అన్నీ చేస్తా."

"మొసలిని చేస్తావా?"

విషయం అర్థమైంది. నెరిడాకు బొమ్మ మొసలిని చూపించి, ఆమె చేత "అదిగో" అనిపించి, దుంగను ఆమె పక్కన కూర్చోబెట్టాలి. బల్ల దగ్గర ఆమె పక్కన కూర్చునేది వీడే కాబట్టి ఎర్ర తాడు వీడికి రావాలి.

"బొమ్మ మొసలికి దుంగ రూలు వర్తించదు" అన్నాను.

"కెప్టెన్ని అడిగా. మొసలి కానిదేదైనా దుంగే అన్నాడు. అయినా వద్దులే డెజ్. నెరిడా ఆంటీ కళ్ళని మోసం చేసేంత పని ఈ ఓడలో ఎవరికొచ్చులే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక నేను వినకుండా ఉండాల్సింది.

పాడైన ఫ్రీజరు తలుపులోని నురగ దిమ్మను తల, వీపుగా కోశాను. పైన ఫైబరు గుడ్డ పరిచి జిగురు పట్టించాను. పొలుసులకు పాత లారీ టైరు చీల్చి ఒక్కొక్కటీ విడిగా అతికించాను, రెండు వందల పైచిలుకు. కళ్ళకు గోధుమరంగు బీరు సీసా అడుగుల్ని అరగదీసి లోపల రేకు పెట్టాను. వెలుగు తగిలితే నలభై గజాల నుంచి మెరుస్తాయి. కష్టమంతా తేలడంలో ఉంది. మొసలి చెక్కలా తేలదు. ముక్కు, కళ్ళు, వీపు మీద గీత, అంతే పైన ఉండాలి. నీళ్ళలో మునిగేవాళ్ళ పాత బెల్టులోని సీసం ముక్కల్ని కడుపు కింద ఒక్కొక్కటే తగిలిస్తూ, నీళ్ళ తొట్టిలో మూడు రోజులు తూచాను.

ఆ మూడు రోజులూ నాకు నిద్ర సరిగా లేదు. పని బాగా కుదిరితే పాతికేళ్ళ స్నేహితురాలి పడవ పోతుంది. చెడగొడితే ఈ చేతులకు సిగ్గు. చివరికి చేతులే గెలిచాయి. మొసలి అద్భుతంగా వచ్చింది.

జులైలో ఒక ఉదయం, నీళ్ళు వెనక్కి తీసి బురద గట్లు బయటపడ్డ వేళ, లాక్లాన్ ముందుగా పోయి వాగు మొదటి మలుపులో దాన్ని లంగరేసి వచ్చాడు. నేను, మొదటి పడవ ఇంజన్ వేడెక్కుతోంది చూడాలంటూ, నెరిడా పడవలో వెనక కూర్చున్నాను. ఇంజన్ ఏం వేడెక్కలేదు. వేడెక్కింది నా మొహమే.

మలుపు తిరగగానే బల్లారత్ నుంచి వచ్చిన మిసెస్ ట్రెంబత్, డెబ్భై ఏళ్ళ ఆవిడ, అల్లిక సూదులు ఒళ్ళో పడేసి అరిచింది.

"మొసలి! అమ్మో, దాని కళ్ళు చూడండి, కళ్ళు!"

పన్నెండు మందీ లేచారు. పడవ ఒరిగింది. నిజం చెప్పాలంటే నాక్కూడా ఒళ్ళు జలదరించింది. చేసింది నేనే అయినా.

నెరిడా లేవలేదు. ఇంజన్ తగ్గించి, తల కొంచెం పక్కకు వంచి గట్టు వైపు చూసింది. మొసలి వైపు కాదు, దాని పక్కకు.

"కూచోండి, కూచోండి. అది మొసలి కాదమ్మా."

"కళ్ళు మెరుస్తున్నాయి కదా!"

"కళ్ళ సంగతి వదిలెయ్యండి. ఎర్ర పీతలు చూడండి. దాని మూతి ముందే బువ్వ తింటన్నాయి, ఒక్కటీ బొక్కలోకి పోలేదు. అదిగో తెల్లగా కొంగ. మొసలికి అడుగు దూరంలో నిలబడి జపం చేసే కొంగ ఈ వాగులో ఎప్పుడో మొసలి కడుపులోకి పోయింది. మిగిలినవన్నీ తెలివైన కొంగలే."

పన్నెండు మందీ పీతల్ని చూశారు. నేను నా బూట్లను చూసుకున్నాను.

ఆమె పడవను దగ్గరికి పోనిచ్చి బొమ్మ పక్కన ఆపింది. వంగి, దాని వీపు మీద అరచేయి పెట్టి మెల్లగా నిమిరింది. పొలుసు పొలుసుకూ వేళ్ళు ఆగాయి. తరవాత నా వైపు తిరిగింది.

"ఎవరు చేశారో గాని, బంగారం లాంటి చేతులు" అంది. "టైరా?"

"ఆ... టైరే అనుకుంటా."

"తేలడం కూడా బాగా కుదిరింది. కళ్ళకేం పెట్టారో?"

నలభై గజాల నుంచి మిసెస్ ట్రెంబత్‌కు కనబడ్డ కళ్ళు, బారెడు దూరంలో నెరిడాకు కనబడలేదు.

ఆమె అప్పటికే వేరే పనిలో పడింది. బొమ్మ తాడు విప్పి పడవ పక్కన కట్టి, వాగు పైకి లాక్కుపోయింది. మూడో మలుపులో మడ వేళ్ళ మధ్య దాన్ని తోసి, దోసిళ్ళతో బురద తీసి తల నిండా పులిమింది. మూతికి సన్నని చేపల తాడు ముడివేసి, పడవను ఎదురు గట్టు మడచెట్ల నీడలో దాచింది.

"ఎవరైనా నవ్వితే దింపేస్తా" అంది ప్రయాణికులతో. మిసెస్ ట్రెంబత్ అల్లికను నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి లాక్లాన్ పడవ వచ్చింది. మొదటి మలుపులో బొమ్మ లేకపోవడం చూసి ఆంటీ మోసపోయాకే నీళ్ళు దాన్ని లాక్కుపోయాయనుకున్నాడో ఏమో, ముఖం వెలిగిపోతోంది. మూడో మలుపులో మా బురద మొసలి కనబడగానే ఇంజన్ ఆపేసి రేడియో అందుకున్నాడు.

"మొదటి పడవకి రెండో పడవ. ఆంటీ, ఎడమ గట్టున మగ మొసలి. నాలుగు మీటర్లుంటుంది. మీరు దీన్ని దాటుకుని పోయారు! పాపం, చూసుకోలేదేమో?"

నెరిడా రేడియో మీట నొక్కి, "అవునా నాయనా? మగదని ఎట్టా తెలిసింది?" అంది.

అంతే, వాడు ఎత్తుకున్నాడు. తల వెడల్పు, దవడ కండ, వయసు, దీని రాజ్యం ఎంతవరకు, పెళ్ళాలెందరు. పదిహేను నిమిషాలు. కెమెరా అరవైసార్లు చప్పుడు చేసింది. "ఇంత దగ్గర్లో కూడా కదలట్లేదంటే, మనల్ని అంచనా వేస్తోంది" అన్నప్పుడు నెరిడా చేపల తాడు మెల్లగా లాగింది. మొసలి తలూపింది. మళ్ళీ లాగింది. మళ్ళీ ఊపింది. మూడోసారికి ఒక వైపు సీసం ఊడి, నా మూడు వారాల పని వెల్లకిలా పడి ఫ్రీజరు కంపెనీ పేరు చూపించింది.

ఆ మధ్యాహ్నం దుంగకు లాక్లాన్ కారం పీతల కూర వడ్డించాడు.

"దుంగగారూ, మీరు మగా ఆడా?" అని అడిగింది వంటమనిషి.

"మగే" అన్నాడు వాడు పళ్ళు బిగించి. "నాలుగు మీటర్లు."

అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నేను నవ్వలేకపోయాను.

భోజనాలయ్యాక నెరిడా వెనక డెక్కు మీద పెట్రోలు డబ్బాలు కడుగుతోంది. పోయి పక్కన నిలబడ్డాను.

"సీసా అడుగులు" అన్నాను. "కళ్ళకి. గోధుమరంగువి."

ఆమె చేతులు ఆగాయి. "ఓహో. నువ్వు పట్టేశావన్నమాట."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు సీజన్లు. అంతా పాలలో ముంచినట్టుంటది. తెలుపు తెలుస్తది, ఎరుపు తెలుస్తది, కదిలేది తెలుస్తది. కొంగ చాలు నాకు, పీత చాలు. రాయి మీద నీళ్ళు మోగే మోత చాలు. ఒక్క మొసలన్నా తప్పానా చెప్పు?"

"తప్పలేదు."

"ఒక్క రాయన్నా తగిలిందా?"

"తగల్లేదు. నెరిడా, వేడి చూపే మీటరు పనిచెయ్యని ఇంజన్ కూడా నడుస్తది. చప్పుడు విని, వాసన చూసి నేను నడిపించగలను. కానీ పన్నెండు మందిని ఎక్కించి పంపను. నువ్వూ పంపవు."

ఆమె డబ్బా మూత బిగించి, దాని పక్కనే కూర్చుంది.

"కంటిపొరకి డాక్టరు కత్తి పెడితే అయిపోద్దంటాడు. పావుగంట పనంట. నాకు భయం, డెజ్. మొసలి భయం లేదు, సూది భయం. అదీ కాక, ఒకసారి తాడు విప్పితే ఆ వాగుడుకాయ కట్టేసుకుంటాడు. మళ్ళీ ఇస్తాడా?"

"నువ్వు చెప్తావా కెప్టెన్‌కి, నేను చెప్పనా?"

"నీ మొసలి కంటే నువ్వే కరుస్తున్నావ్ రా" అంది. లేచి, చేతులు తుడుచుకుని, కెప్టెన్ ఓడ నడిపే వీల్‌హౌస్ వైపు నడిచింది. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కడం అప్పుడు గమనించాను. పాతికేళ్ళు పక్కనే ఉండి మెట్లు లెక్కపెట్టే మనిషిని గమనించలేదంటే, నాకున్న కళ్ళెందుకో.

కెప్టెన్ మోస్ మాట తక్కువ మనిషి. అంతా విని గోడ మేకు చూపించాడట. "తాడు నాకొద్దు. దానికి తగిలించు. చూపు సరిగా ఉందని డాక్టరు చీటీ తెచ్చి తీసుకో."

ఆమె లేని రెండు నెలలు ఆ ఎర్ర తాడు మేకుకే ఉంది. లాక్లాన్ మొదటి పడవ నడిపాడు, కానీ తన తెల్ల తాడుతోనే. ముట్టుకోమని నేనే ఒకసారి కవ్వించాను. "ఆంటీ వాసన పట్టేస్తుంది" అన్నాడు. వాడిలో ఇంకో మార్పు కూడా వచ్చింది. వాగులోకి పోగానే నోరు మూసి ముందు పీతల్ని చూస్తున్నాడు. మొసళ్ళు కూడా బాగానే చూపించాడు. ఆ మాట ఉత్తరంలో రాస్తే ఆమె కంటి వైద్యానికి పోయిన పెర్త్ నుంచి, "వాడు నా తాడుకి ఎసరు పెడతన్నాడు, ఇంకో కన్ను తొందరగా కొయ్యమన్నా" అని ఫోన్లో తిట్టింది.

సెప్టెంబరు చివరి ట్రిప్పుకు నెరిడా వచ్చింది. నల్ల కళ్ళజోడు, సంచిలో డాక్టరు చీటీ. మేకు మీంచి తాడు తీసి కట్టుకుంది. ఓడంతా తిరిగి వచ్చి నా ముందు నిలబడింది.

"ఇంత ముసలోడివి ఎప్పుడయ్యావ్ రా?"

వాగులో పడవ పోతుంటే ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. "ఆ కొండ అంత ఎరుపా? ఆ గద్ద రెక్క కింద నల్ల మచ్చ చూడండి! ఆకు మీద చీమ, ఆకు మీద చీమ!" చీమను చూపించడానికి పడవ ఆపింది. ఈసారి నేను నిజంగానే ఇంజన్ చూడటానికి ఎక్కాను. లాక్లాన్ పడవ మా వెనకే, పిలిస్తే వినబడే దూరంలో ఉంది.

మూడో మలుపులో నెరిడా ఒక్కసారిగా లేచి నిలబడి చెయ్యి చాచింది.

"అదిగో! మొసలి! అబ్బ, దాని పొలుసులు చూడండి, ఒక్కొక్కటీ కనబడతంది! కన్ను చూడండి, కన్ను!"

పన్నెండు కెమెరాలు లేచాయి. వెనక పడవలో లాక్లాన్ కెమెరా మాత్రం లేవలేదు. నేను గట్టు చూశాను. మూతి ముందు ఎర్ర పీతలు తీరిగ్గా బువ్వ తింటున్నాయి. వీపు మీద కొంగ నిలబడి ఉంది. పక్కన కాదు, సరిగ్గా వీపు మీద.

నెరిడా కూడా అప్పుడే కొంగను చూసింది. చాచిన చెయ్యి మెల్లగా దిగింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. బెరడు ఊడి పడిపోయిన మడచెట్టు. కన్ను అన్నది కొమ్మ విరిగిన గంటు.

"రెండేళ్ళు చూడకుండానే బతికా" అంది నెమ్మదిగా. "చూసి చెడ్డా."

ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర ఎవరూ చెంచా ఎత్తలేదు. నెరిడా ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి గోడ మూల కుర్చీలో కూర్చుంది. ఒక వైపు గోడ. ఇంకో వైపుకు దుంగను తనే మోసుకొచ్చి కూర్చోబెట్టింది. పళ్ళెం పెట్టి, అన్నం, పీత డిప్ప తీసిన కండ, కారం పులుసు మొదట దానికి వడ్డించింది. తరవాత చొక్కా చెయ్యి పైకి లాగింది.

"ఆంటీ, వద్దు" అన్నాడు లాక్లాన్. "అది ఎప్పుడో పాతకాలంలో అన్నమాట. నాకేం అక్కర్లేదు ఆ తాడు."

"నీకెవరిస్తామన్నారు? మాటంటే మాటే." ఆమె తాడు విప్పింది. విప్పిన చోట మణికట్టు చుట్టూ చర్మం తెల్లగా ఉంది. "ఏమన్నా నేను? డెజ్, నువ్వప్పుడున్నావుగా. చెప్పు."

"తాడు విప్పి... పక్కనున్నోళ్ళకి ఇచ్చేస్తానన్నావు."

"కదా" అని, ఎర్ర తాడును దుంగ మూతికి రెండు చుట్లు చుట్టి ముడివేసింది. చేతులు కట్టుకుని కూర్చుంది.

కెప్టెన్ మోస్ గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖంలో ఏ కండా కదల్లేదు.

"దుంగగారూ" అన్నాడు. "రేపు పొద్దున ఆరింటికి మొదటి పడవ దించాలి. మీరు నడుపుతారా?"

రూలు రూలే. దుంగ తరఫున నెరిడా జవాబు చెప్పాలి.

"నాకు చేతుల్లేవు కెప్టెన్" అంది దుంగ. "పడవ నడపడం రాదు. ఈ పక్కనున్న ముసలమ్మకి ఇచ్చేస్తన్నా. మొసళ్ళ సంగతి ఆమెకి అంతంత మాత్రమే గాని, చీమలు బాగా చూపిస్తది."

"నమోదు చేసుకున్నా" అన్నాడు కెప్టెన్, అన్నం కలుపుతూ.

లాక్లాన్ లేచి వచ్చి దుంగ మూతి నుంచి తాడు విప్పాడు. పీత పులుసు అంటితే తన చొక్కాకు తుడిచి, ఆమె మణికట్టు మీద ఆ తెల్లటి గీత మీదే కట్టాడు. ముడి వదులుగా వేశాడని ఆమె తిట్టి, విప్పించి, మళ్ళీ కట్టించింది.

మరునాడు ఆరింటికి మొదటి పడవ దిగింది. వాగు మొదట్లోనే నెరిడా ఇంజన్ తగ్గించి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంది. "ముందు కొంగ ఎక్కడుందో చూడండమ్మా" అంది ప్రయాణికులతో. "తరవాత నేను చెప్తా."